కంబోడియాలో పిల్లల సేవ: ఎక్కడ ఉన్నాం, ఎవరితో పనిచేశాం

మావారు కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా, నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాక మా చర్చి సంఘం తరఫున కంబోడియాకి సేవకు వెళ్లొచ్చాం. అప్పటినుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు: ఎంతయింది, ఎక్కడ దిగారు, ఏ అనాథాశ్రమంలో పనిచేశారు అని. చివరిదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఏ అనాథాశ్రమంలోనూ పనిచేయలేదు, కావాలనే చేయలేదు.

కాకినాడ నుంచి కొన్ని సంస్థలకు మెయిల్ పెట్టాం. ఒక పిల్లల హోమ్ నుంచి వెంటనే జవాబొచ్చింది. వారానికి ఇంత కట్టండి, ఎప్పుడైనా రండి, పిల్లలతో ఆడుకోండి, ఫొటోలు తీసుకోండి అన్నారు. మేమెవరమో, ఎలాంటివాళ్లమో ఒక్క మాట అడగలేదు. సియాం రీప్ అనే ఊరి చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసే ఇంకో చిన్న సంస్థ మాత్రం పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెమ్మంది. మమ్మల్ని ఎరిగినవాళ్ల నుంచి ఉత్తరాలు కావాలంది. వీడియో కాల్‌లో చాలాసేపు మాట్లాడింది. పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, వాళ్ల మొహాలు కనబడే ఫొటోలు ఎక్కడా పెట్టకూడదు, కానుకలు నేరుగా చేతికివ్వకూడదు అని కాగితం మీద సంతకాలు చేయించుకుంది. మేం ఆ సంస్థనే ఎంచుకున్నాం. పోలీస్ సర్టిఫికెట్‌కి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. పాస్‌పోర్ట్ సేవా ద్వారా 500 రూపాయలకే వస్తుంది, కాకపోతే కాస్త ముందుగా అప్లై చేయాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2011లో వచ్చిన యూనిసెఫ్ అధ్యయనం ప్రకారం కంబోడియాలో అంతకుముందు అయిదేళ్లలో అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. అక్కడి ఖ్మేర్ రూజ్ పాలకుల మారణకాండ ముగిసింది 1979లో. అనాథలు తగ్గాల్సిన కాలంలో ఆశ్రమాలు పెరిగాయన్నమాట. అందులో ఉన్న ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేద తల్లిదండ్రులకు చదువు, తిండి ఆశ చూపి పిల్లల్ని తెచ్చిపెట్టుకుంటే, వాళ్లను చూడటానికి విదేశీయులు డబ్బుతో వస్తారు. మంచి మనసుతో వెళ్లేవాళ్ల వల్లే అది సాగుతోంది. పిల్లల్ని ఇలా డబ్బు కోసం ఆశ్రమాల్లో చేర్చడం కూడా మనుషుల అక్రమ రవాణాయేనని ఆస్ట్రేలియా 2018లో గుర్తించింది.

నాకు దీనిమీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. నేను చదివింది మిషన్ బోర్డింగ్‌లో. ఆ చదువే నన్ను నిలబెట్టింది, ఆ మేలు మరిచిపోను. కానీ విదేశాల నుంచి అతిథులొస్తే మమ్మల్ని పొడుగు వారీగా నిలబెట్టి పాటలు పాడించేవారు. ఒకావిడ వారమంతా నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని జడలు వేసి వెళ్లిపోయింది. ఆవిడ మళ్లీ వస్తుందని ఎన్నాళ్లు గేటువైపు చూశానో ఆవిడకు తెలియదు. ఇంకో పిల్లకి అలాంటి ఎదురుచూపు నా వల్ల రాకూడదు.

ఇక ప్రయాణం. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా సియాం రీప్ వెళ్లాం. 2023 అక్టోబరులో తెరిచిన కొత్త విమానాశ్రయం చాలా శుభ్రంగా ఉంది కానీ ఊరికి 40 కిలోమీటర్ల పైనే దూరం. ట్యాక్సీ ఖరీదు, షటిల్ బస్సు చవక. సామాను తక్కువుంటే బస్సే ఎక్కండి. థాయిలాండ్ నుంచి రోడ్డు మీద వెళ్దామనుకుంటే సరిహద్దు తెరిచి ఉందో లేదో చూసుకోండి, 2025 గొడవల్లో మూసేశారు. సేవకు వెళ్లేవాళ్లు టూరిస్ట్ వీసా తీసుకోకూడదు, ఇ-క్లాస్ అనే ఆర్డినరీ వీసా కావాలి. అక్కడ డాలర్లు చెల్లుతాయి, చిల్లర మాత్రం వాళ్ల కరెన్సీ రియల్‌లో ఇస్తారు. డాలరుకి సుమారు 4,000 రియల్. కొంచెం చిరిగిన డాలరు నోటు కూడా తీసుకోరు, మడతలు లేనివి పట్టుకెళ్లండి.

సియాం రీప్‌లో వాట్ బో అనే పేట వీధుల్లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. ఏసీ గది, వేడినీళ్లు, మెట్లెక్కలేని మావారికి కింది అంతస్తు. నది, మార్కెట్ రెండూ నడిచేంత దూరం. వేడినీళ్లు ఓ పూట వచ్చేవి, ఓ పూట రావు. అయినా ఆ ఇంటావిడ పొద్దున్నే అన్నం పెట్టేది, అది చాలు మాకు. తిండికి తెలుగువాళ్లకి ఇబ్బంది ఉండదు, మూడుపూటలా అన్నమే. కొబ్బరిపాలతో ఆవిరిమీద వండే చేపల అమోక్ మావారికి తెగ నచ్చింది. ప్రహోక్ అనే ఊరవేసిన చేపల ముద్ద వాసన నేను పట్టలేకపోయాను. కందిపొడి, ఆవకాయ దగ్గరుంటే మంచిది. కారం మనకు సరిపోదు.

పని ఎలా ఉండేదంటే, కంబోడియా సర్కారు బడులు చాలావరకు ఒక్కపూటే. కొందరికి ఉదయం, కొందరికి మధ్యాహ్నం. రెండో పూట పిల్లలు పొలాల్లోనో రోడ్ల మీదో ఉంటారు. అమ్మానాన్న పనికోసం థాయిలాండ్ వెళ్లిపోతే అమ్మమ్మల దగ్గర పెరిగేవాళ్లు ఎక్కువ. అప్పుల వాళ్ల ఒత్తిడి ఎక్కువైతే ముందు ఆగేది పిల్లల చదువే. ఈ సంస్థ ఆ రెండో పూట చదువు చెప్పి, ఇంటికి బియ్యం, బడికి సైకిలు ఇచ్చి పిల్లని ఇంట్లోనే ఉండనిస్తుంది. నేను పాఠం చెప్పింది పిల్లలకు కాదు, వాళ్ల టీచర్లకు. కాగితం మడతలతో భిన్నాలు చెప్పడం వాళ్లకు చూపించేదాన్ని, తర్వాత వాళ్లు తమ ఖ్మేర్ భాషలో చెప్తుంటే వెనక కూర్చునేదాన్ని. మావారు సెంటర్లలో వైరింగంతా చూసి, ఎర్తింగ్ లేనిచోట ఊరి కుర్రాళ్ల చేతే పెట్టించారు. దగ్గరుండి నేర్పారు, తాను చేయలేదు. మేం వెళ్లిపోయినా పని ఆగకూడదు కదా.

సువార్త సంగతి కూడా అడుగుతున్నారు. అది బౌద్ధ దేశం, ఇంటింటికీ తిరిగి మతప్రచారం చేయకూడదని 2007లో ఆదేశాలిచ్చారు. మేం దాన్ని పాటించాం. ప్రార్థన మా గదిలో, ఆదివారం ఆరాధన అక్కడి సంఘంలో. బియ్యం మూట మీద వాక్యం అంటించి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆకలితో ఉన్నవాళ్లు అవుననే అంటారు.

సియాం రీప్ దగ్గరి ఆంగ్కోర్ పాత గుడులు చూడకుండా ఎవరూ రారు. ఒక్కరోజు టికెట్ 37 డాలర్లు, మూడురోజులది 62. ప్రతి టికెట్ నుంచి 2 డాలర్లు కంథా బోఫా పిల్లల ఆసుపత్రులకు వెళ్తాయి. స్విట్జర్లాండ్ డాక్టర్ బేట్ రిచ్నర్ 1992లో రాజధాని నామ్ పెన్‌లో తిరిగి తెరిచిన ఆసుపత్రితో అవి మొదలయ్యాయి. ఆయన 2018లో పోయారు. అక్కడ వైద్యం పూర్తిగా ఉచితం. సియాం రీప్‌లోని జయవర్మన్ 7 ఆసుపత్రి దగ్గర ఆయన సెల్లో వాయించి, వచ్చిన టూరిస్టుల్ని డబ్బైనా ఇవ్వండి, రక్తమైనా ఇవ్వండి అని అడిగేవారట. ఆరోగ్యంగా ఉన్న యువకులు వెళ్తే రక్తం ఇచ్చి రండి.

టోన్లే సాప్ సరస్సు మీద పడవ యాత్ర మాత్రం జాగ్రత్త. మా పడవ మధ్యలో ఒక దుకాణం దగ్గర ఆపి, అనాథ పిల్లల బడికి బియ్యం కొనమన్నారు. ధర ఊళ్లోకంటే ఎన్నో రెట్లు. ఆ మూట సాయంత్రానికి మళ్లీ దుకాణంలోకే చేరుతుందని అందరూ చెప్పేదే. మేం కొనలేదు, ఎంత బతిమాలినా. సియాం రీప్‌లో టూరిస్టులు తిరిగే పబ్ స్ట్రీట్‌లో ఎవరైనా పసిబిడ్డతో వచ్చి పాలడబ్బా అడిగినా అంతే. బాధగా ఉంటుంది, అయినా ఇవ్వకండి. ఆ బిడ్డని రాత్రిళ్లు వీధిలో ఉంచేది మనమిచ్చే డబ్బే.

బట్టంబాంగ్ నాకు అన్నిటికంటే నచ్చిన ఊరు. సియాం రీప్ నుంచి బస్సులో నాలుగు గంటల లోపు. సంగ్కే నది ఒడ్డు, రద్దీ లేని వీధులు, ధరలు తక్కువ. ఫార్ పొన్లూ సెల్పాక్ అనే కళల బడి అక్కడే ఉంది. శరణార్థి శిబిరంలో బొమ్మలు గీయడం నేర్చుకున్న తొమ్మిదిమంది కుర్రాళ్లు తమ ఫ్రెంచి టీచరమ్మతో కలిసి 1994లో పెట్టారు. పేద పిల్లలకు బొమ్మలు, సంగీతం, సర్కస్ ఉచితంగా నేర్పుతారు. వాళ్ల ప్రదర్శనలో జంతువులుండవు. జాలిపడి కాదు, ఆట చూసి చప్పట్లు కొడతాం. పిల్లలకు డబ్బు ఇవ్వాలనుంటే ఇక్కడ టికెట్ కొనండి.

నామ్ పెన్‌లో కొద్దిసేపే ఉన్నాం, ట్రాఫిక్ భరించలేకపోయాం. కానీ ఒక ఫ్రెంచి దంపతులు, చెత్తకుప్ప మీద ఏరుకు తినే పిల్లల్ని 1995లో చూసి మొదలుపెట్టిన పీఎస్ఈ అనే సంస్థ గురించి అక్కడే తెలిసింది. పిల్ల బడికొస్తే ఇంట్లో పోయే సంపాదన ఉంటుంది కదా, దానికి బదులు కుటుంబానికి బియ్యం ఇచ్చేవారట. అది విని మావారు బియ్యం ఏర్పాటు వివరాలన్నీ డైరీలో రాసుకున్నారు.

తిరిగొచ్చాక సంఘంలో లెక్క చెప్పాం. కానుకల సొమ్ములో మిగిలింది ఆ పల్లెల సంస్థకే పంపాం, సైకిళ్లకీ బియ్యానికీ. ఇప్పుడు నర్సుగా రిటైరైన ఒకావిడ, ఆవిడ భర్త వెళ్తున్నారు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లమన్నాం. ఏప్రిల్‌లో ఎండ మండిపోతుంది, ఖ్మేర్ ఉగాదికి బడులూ ఉండవు.