మూడు చుక్కల నల్లచేపని ‘సాధువు’ అని అమ్మితే కొనకండి

భీమవరం, పాలకొల్లు, నరసాపురం, అమలాపురం చుట్టుపక్కల ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుందామనుకుంటున్నవాళ్ళు ఇది చదివాకే షాపుకి వెళ్ళండి. నేను 350 రూపాయలు పెట్టి ఒక చేప కొన్నాను. దాన్ని ట్యాంకులోంచి బయటికి తియ్యడానికి 11 రోజులు పట్టింది. మధ్యలో ఒక క్లౌన్ చేప (నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే చిన్న సముద్రపు చేప) ప్రాణం పోయింది. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. షాపు పేరు రాయను. ఇదే చేపని ఇవే మాటలు చెప్పి అమ్మేవాళ్ళు నాకు ఇంకో ఇద్దరు తగిలారు, కాబట్టి పేరుతో పనిలేదు.

నాది నాలుగడుగుల ట్యాంకు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకి 250 లీటర్లు, రాళ్ళూ ఇసకా పోను 200. రొయ్యల చెరువుల మధ్య పెరిగినవాణ్ణి, నీళ్ళ సంగతి నాకు ఎవడో చెప్పాలా అన్న ధీమా ఉండేది. సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు, 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ళు), పీహెచ్ 8.2, అమ్మోనియా చూసే కిట్టు ఆక్వా మందుల షాపులో దొరికేదే. అక్కడిదాకా బాగానే ఉంది.

షాపతను మొదట లైవ్ రాక్ చూపించాడు. సముద్రంలోంచి తీసిన పగడపు రాయి, ‘దీంతో ట్యాంకు వారంలో సెట్టవుద్దండి’ అన్నాడు. అది మాత్రం వద్దన్నాను, మీరూ వద్దనండి. మన దేశంలో రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూల్లోనే. బతికున్న పగడమైనా, ఎండిపోయిన ముక్కైనా దొరికితే కేసే. సముద్రగుర్రాలు దొరికినా కేసే. నేను సెరామిక్ రాళ్ళు తెచ్చి పేర్చుకున్నాను. ఆ పేర్చడమే తర్వాత నా కొంప ముంచింది, అది ముందు ముందు చెబుతాను.

రాయి అమ్ముడుపోకపోయేసరికి చేప చూపించాడు. బొటనవేలి గోరంత ఉంది. నల్లగా మఖమల్ గుడ్డలా మెరుస్తోంది, నుదుటి మీద ఒక తెల్ల చుక్క, అటూ ఇటూ వీపు పక్కన ఒక్కో చుక్క. పక్కనుంచి చూస్తే రెండే కనపడతాయి, మూడోది అవతలి వైపు ఉంటుంది. చూడగానే ఎవరికైనా ముద్దొస్తుంది. ‘స్టార్టర్ ఫిష్ అండి, కొత్త ట్యాంకులో ముందు దీన్నే వెయ్యాలి, సాధువండి’ అన్నాడు. పేరేంటంటే ‘డామినో’ అన్నాడు. అసలు పేరు మూడు చుక్కల డామ్‌సెల్ అనీ, ఈ గోరంత పిల్ల పెరిగితే అయిదంగుళాలు దాటుతుందనీ ఇంటికొచ్చాక, అది ట్యాంకులో దిగాక చదువుకున్నాను. పెద్దదయ్యేకొద్దీ ఆ చుక్కలు కూడా మాసిపోతాయట. అంటే దేన్ని చూసి కొన్నామో అదే మిగలదు.

‘ముందు డామ్‌సెల్ వెయ్యండి’ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, కొత్త ట్యాంకులో చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాని తినే బాక్టీరియా ఇంకా పెరిగి ఉండదు. అమ్మోనియా నైట్రైట్ అవ్వాలి, నైట్రైట్ నైట్రేట్ అవ్వాలి. దీనికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు. ఈలోపు ఆ విషాన్ని తట్టుకుని బతికే మొండి చేపని బలిచ్చే పద్ధతి పాతకాలంలో ఉండేది. డామ్‌సెల్ మొండిది, పైగా చవక. అదే పని ఒక పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్ళనిచ్చినా జరుగుతుంది. మన ఊళ్ళో రొయ్య ముక్కకి కరువా చెప్పండి.

ఇంకో సంగతి కూడా షాపతను చెప్పలేదు. ట్యాంకులో ముందు దిగిన చేప ట్యాంకంతా తనదే అనుకుంటుంది. గొడవ పెట్టుకునే జాతిని ఎప్పుడూ అన్నిటికన్నా చివర వెయ్యాలి. నేను అయిదు వారాలు దానికి నాలుగడుగుల ఇల్లు ఒక్కదానికే రాసిచ్చి, ఆ తర్వాత రెండు క్లౌన్ చేపల్ని తెచ్చి వేశాను.

గంట తిరక్కుండా మొదలైంది. సముద్రంలో ఇది తరిమితే అవతలి చేప పది గజాలు పారిపోతుంది, కథ అయిపోతుంది. గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? రెండు క్లౌన్లూ పైమూల, పంపు నీళ్ళు పడే చోట, నురగలో తల పెట్టుకుని నిలబడేవి. మేతకి కిందికి దిగితే చాలు, రాళ్ళ సందులోంచి తూటాలా వచ్చేది. చిన్న క్లౌన్ రెక్కలు వారంలో చీరికలు పీలికలు అయ్యాయి. రాత్రి టీవీ ఆపాక ట్యాంకు దగ్గర నిలబడితే సన్నగా టక్, టక్ మని వినిపించేది. పంపులో ఇసక రేణువు ఇరుక్కుందనుకుని పంపు విప్పి కడిగాను కూడా. పంపు కాదు, చేప. ఈ జాతి బెదిరించేటప్పుడు అలా చప్పుడు చేస్తుంది. గాజు తుడుద్దామని చెయ్యి పెడితే నా వేలి కణుపు మీద పొడిచింది. నెప్పేం లేదు గానీ ఉలిక్కిపడి చెయ్యి లాగేశాను. ఆ రోజుతో నన్ను కూడా లెక్క చెయ్యడం మానేసింది.

షాపుకి ఫోన్ చేశాను. ‘చేపన్నాక ఆమాత్రం ఆడుకోవా అండి’ అన్నాడు.

పట్టుకునే ముందు చెయ్యాల్సినవి చేశాను. గాజుకి బయట అద్దం ఆనించాను, తన బొమ్మతోనే పోట్లాడుకుంటుందని. రెండు రోజులు పోట్లాడింది, మూడో రోజు అద్దం వైపు చూడటం మానేసింది. రాళ్ళ వరస మార్చాను, హద్దులు చెరిగిపోతే తగ్గుతుందంటారు. ఒక పూట తగ్గింది. ట్యాంకు పెట్టిన నాలుగో నెలకి అది రెండంగుళాలు అయింది, ఇక తీసెయ్యాల్సిందే అని తేల్చుకున్నాను.

మొదటి రెండు రోజులు చేతివల. టన్నులకి టన్నులు రొయ్య పట్టే ఊరు మాది. మా బావమరిది చెరువుల మీద పనిచేస్తాడు, వాడు ఒక వల, నేను ఒక వల. ఒకటి కదలకుండా పెట్టి రెండోదాంతో తోలాలి, పద్ధతి అదే. ఒక్కసారి వలలో పడింది కూడా. దాని రెక్కముల్లు వల కన్నుల్లో చిక్కుకుని, విడిపిద్దామనేలోగా గింజుకుని దూకేసింది. తోక పై కొసన ఒక చీలిక మిగిలింది. ఆ తర్వాత వల నీడ పడితే చాలు, నేను అంత అందంగా పేర్చుకున్న రాళ్ళ గుట్టలోకి దూరిపోయేది. అందుకే చెబుతున్నా, రాళ్ళు పేర్చేటప్పుడు రెండు మూడు విడి గుట్టలుగా, చేత్తో ఎత్తగలిగేలా పెట్టుకోండి. నేను గమ్ముతో అతికించాను.

మూడూ నాలుగూ రోజులు కూల్‌డ్రింక్ బాటిల్. రెండు లీటర్ల బాటిల్ మెడ కోసి, తిరగేసి లోపలికి గుచ్చి, మేత వేసి పెట్టాను. క్లౌన్ పడింది. వదిలేశాను. మళ్ళీ క్లౌనే పడింది.

అయిదో రోజు చేసిన పని మీరెవరూ చెయ్యకండి. నీళ్ళన్నీ డ్రమ్ముల్లోకి తోడి, ఆరంగుళాలు మిగిల్చి చేత్తో పట్టేద్దామనుకున్నాను. సగం తోడాక కరెంటు పోయింది. చీకట్లో రాళ్ళు కదిపితే కింద మూడంగుళాల ఇసక లేచింది, దాంతోపాటు కుళ్ళిన గుడ్ల వాసన, చేపలకి విషమైన గ్యాసు. చెరువు అడుగు నల్లమట్టి కదిపితే వచ్చే వాసనే, ఇక్కడ పుట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, నీళ్ళు మళ్ళీ నింపేసరికి రాత్రి ఒంటిగంట. తెల్లారి చూస్తే చిన్న క్లౌన్ పోయింది. నల్లది మాత్రం రాయి మీద నిలబడి నన్నే చూస్తోంది.

‘పంట కాలవలో పారెయ్ బావా’ అన్నాడు బావమరిది. పట్టుకుంటే కదా పారెయ్యడానికి. అయినా పారెయ్యకూడదు. ఉప్పునీటి చేప కాలవ నీళ్ళలో బతకదు, నరకయాతన పడి చస్తుంది. పోనీ పేరుపాలెం బీచికి తీసుకెళ్ళి సముద్రంలో వదిలితే? ట్యాంకులో అంటుకున్న రోగాలు కూడా దాంతోపాటు పోతాయి. ఎవరో అక్వేరియంలోంచి వదిలేసిన దెయ్యం చేప ఇవాళ మన కాలవల్లో, చేపల చెరువుల్లో పడి చేస్తున్న నిర్వాకం చూస్తూనే ఉన్నాం.

దారి చూపించింది మా వీధి చివర కాలవలో మావులు (చేపలు దూరితే బయటికి రాలేని బుట్టలు) వేసే బాబాయ్. బాటిల్ సంగతి చెబితే నవ్వాడు. ‘మావు పెట్టి గట్టు మీద నిలబడితే ఏ చేప దూరుద్ది బాబూ? నువ్వు కనపడమాకు. నాలుగు రోజులు అందులోనే మేత పెట్టు, కానీ పట్టమాకు. అయిదో రోజు పస్తు. ఆరో రోజు లాగు’ అన్నాడు. ఆయన జన్మలో ఉప్పునీటి అక్వేరియం చూడలేదు.

మా ఆవిడ జంతికల డబ్బా తీశాను, అయిదు లీటర్లది, అవతలికి కనపడే ప్లాస్టిక్. మేకు కాల్చి అంచుకి రెండు బెజ్జాలు పెట్టి నైలాన్ దారాలు కట్టాను. తేలకుండా గుప్పెడు ఇసక వేసి, ట్యాంకులో పక్కకి పడుకోబెట్టాను. దారం లాగితే డబ్బా మూతి పైకి లేచి నిలబడుతుంది. బెదిరిన చేప కిందికే పారిపోతుంది, అంటే డబ్బా అడుగుకి. నాలుగు రోజులు మేత డబ్బాలోనే వేశాను, దారం ముట్టలేదు. మొదటి రోజు మూతి దగ్గరికొచ్చి వెనక్కి పోయింది. మూడో రోజుకి లోపల కాపురం పెట్టింది. అయిదో రోజు పస్తు ఉంచాను.

పదకొండో రోజు పొద్దున్నే లైటు వెయ్యకుండా, దారం కొసలు కుర్చీ దాకా లాక్కుని కూర్చున్నాను. ముందు మిగిలిన క్లౌన్ వచ్చింది. డబ్బాలోకి తల పెట్టింది. నా ప్రాణం పోయినంత పనైంది, ఇప్పుడు లాగితే ఇదే పడుతుంది. ఈలోగా నల్లది చూసింది. తన మేత దగ్గరికి ఇంకోటి వెళ్ళడమా అని ఒక్క ఉదుటున దాన్ని బయటికి తరిమి, తిరిగి వెళ్ళి అడుగున ఉన్న రొయ్య ముక్క మీద పడింది. లాగేశాను. డబ్బా ఎత్తి బల్ల మీద పెడితే లోపల గుండ్రంగా తిరుగుతూ, నా వేలు కనపడ్డప్పుడల్లా ప్లాస్టిక్‌ని పొడుస్తోంది.

కాబట్టి కొనేముందు అడగండి: దీని పూర్తి పేరేంటి, పెరిగితే ఎంతవుతుంది, పడకపోతే వెనక్కి తీసుకుంటారా. మూడోది బిల్లు మీద రాయించుకోండి. ‘ఏం కాదండి’ అంటే మీరే ఫోన్ తీసి ఆ పేరు వెతుక్కోండి, రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నేను పెట్టలేదు, ఆ తప్పు నాదే.

చేపని ఆక్సిజన్ కవర్లో పెట్టి అదే షాపుకి తీసుకెళ్ళాను. ‘వెనక్కి తీసుకోమండి, అయినా మీరు కాబట్టి’ అని ఉత్తినే పెట్టుకున్నాడు, రూపాయి ఇవ్వలేదు. సరే, పీడా పోయిందనుకున్నాను. పోయిన ఆదివారం ట్యాంకులో కలిపే ఉప్పు కొనడానికి వెళ్తే ముందు వరస ట్యాంకులో నాదే ఉంది. ‘డామినో, స్టార్టర్ ఫిష్’ అని చీటీ అంటించి ఉంది. రెండంగుళాలు కదా, ధర 600. పదహారేళ్ళ కుర్రాడొకడు వాళ్ళ నాన్నతో వచ్చి వంగి దాన్నే చూస్తున్నాడు, షాపతను ‘సాధువండి’ అంటున్నాడు. ఆ కుర్రాణ్ణి బయటికి పిలిచి చెప్పాను, వాళ్ళు కొనకుండా వెళ్ళిపోయారు. షాపతను ఇక నాకు ఉప్పు కూడా అమ్మడనుకుంటా.

మీకెవరికైనా రెండంగుళాల డామినో చూపిస్తే తోక పై కొస చూడండి, చిన్న చీలిక ఉంటుంది. త్వరగా చూడండి, రెక్కలు మళ్ళీ పెరుగుతాయి, ఇంకో నెలకి అదీ పూడిపోతుంది.