'రిగ్రెట్' ఒక్కటే, రష్యన్‌లో మూడు మాటలు: ఒక అనువాద సర్వీసుతో నా అనుభవం

ఆన్‌లైన్‌లో డాక్యుమెంట్లు అనువాదం చేసిపెట్టే ఒక సర్వీసుకు ఈమధ్య ఒక ఉత్తరం ఇచ్చాను. ఇంగ్లిష్ నుంచి రష్యన్‌కి, పేజీన్నర. మొదటిసారి వచ్చిన అనువాదం పంపి ఉంటే మా సంస్థ పెద్ద చిక్కులో పడేది. రెండోసారి వచ్చింది మాత్రం నేను ఇప్పటిదాకా చూసిన అధికారిక అనువాదాల్లోకెల్లా మంచిది. రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను ఒక సాంస్కృతిక సంస్థలో విదేశీ ఉత్తరప్రత్యుత్తరాలు చూస్తాను. ఒక రష్యన్ మ్యూజియం నుంచి ప్రదర్శన కోసం తెచ్చుకున్న పాత ఎంబ్రాయిడరీ వస్త్రాల్లో రెండు పెట్టెలు దారిలో తడిశాయి. తప్పు ప్యాకింగ్‌దా, రవాణాదా, మా గోడౌన్‌దా అన్నది ఇన్సూరెన్స్ వాళ్లు ఇంకా తేల్చలేదు. ఆ రోజుల్లోనే ఆ మ్యూజియం పాత డైరెక్టర్ కన్నుమూశారు. పైగా వాళ్ల వార్షికోత్సవానికి మా అధ్యక్షురాలు వెళ్లలేని పరిస్థితి. మూడు విషయాలూ కలిపి ఒకే ఉత్తరంగా రాశాం. రాయబార కార్యాలయం చేతుల మీదుగా వెళ్లేది కాబట్టి ఇంగ్లిష్ కూడా ఆ పద్ధతిలోనే, ఆచితూచి రాసింది. మూడు చోట్లా 'రిగ్రెట్' అన్న మాటే వాడాం. రాలేకపోతున్నందుకు రిగ్రెట్, పెట్టెలు తడిసినందుకు డీప్ రిగ్రెట్, పెద్దాయన పోయినందుకు రిగ్రెట్. ఇంగ్లిష్‌లో ఆ మాట మూడు చోట్లా సరిపోతుంది. ఇంగ్లిష్ దౌత్య భాష దాన్ని అంతగా నమ్ముకోవడానికి కారణమూ అదే: బాధ తెలుస్తుంది, తప్పు ఒప్పుకున్నట్టు ఉండదు.

చెప్పిన రోజుకే అనువాదం వచ్చింది. చదువుతుంటే ఎక్కడా తడుముకోవాల్సిన పని లేదు, వాక్యాలు నీళ్లలా సాగిపోయాయి. నాకు రష్యన్ కొంత వచ్చు, రెండేళ్లు శ్రద్ధగా నేర్చుకున్నాను. అది రాకపోయి ఉంటే అలాగే సంతకానికి పంపేసేదాన్ని. రెండో పేరాలో పెట్టెల సంగతి దగ్గర 'ఇజ్వినేనియే' అని కనిపించేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆ మాటకు క్షమాపణ అని అర్థం. దాని లోపలే 'వినా' ఉంది, అంటే దోషం. దోషం నాది, దాన్నుంచి నన్ను బయటపడెయ్యండి అని అడగడం ఆ మాట పుట్టుకలోనే ఉంది. మేం చెప్పదలచుకున్నది 'సజలేనియే', అంటే విచారం. దాని లోపల ఉన్నది 'జాల్', అయ్యో పాపం అనిపించే భావం. మన 'జాలి'కి దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి నేర్చుకున్న రోజు నుంచీ నాకు గుర్తుండిపోయింది. రష్యన్‌లో విచారాన్ని వ్యక్తం చేస్తారు, క్షమాపణనైతే తీసుకొచ్చి ఇస్తారు. రెండింటికీ వాడే క్రియలే వేరు.

మూడో పేరాలో దీనికి తలకిందులు తప్పు. పెద్దాయన మరణం దగ్గర 'సబలేజ్నవానియే' అని రాయాలి, అంటే సంతాపం. అక్కడ 'సజలేనియే' పెట్టారు. బస్సు తప్పిపోయినందుకు విచారిస్తున్నాం అన్నంత పొడిగా ఉంది. కుటుంబసభ్యులు చదివే వాక్యం అది. తప్పు ఒప్పుకోకూడని చోట ఒప్పుకుని, గుండె తడి కనిపించాల్సిన చోట ఆరబెట్టేశారు.

కస్టమర్ సపోర్ట్‌కి రాశాను. రష్యన్‌లో ఇలా అంటేనే మర్యాదగా ఉంటుంది, రెండు మాటలకూ పెద్ద తేడా లేదు అని జవాబొచ్చింది. ఇది తప్పు. ఇబ్బంది కలిగినందుకు విచారిస్తున్నాం అని ఇంగ్లిష్‌లో రాసే బోర్డుల మీద రష్యన్లు క్షమాపణ అనే రాస్తారు, అంతవరకు నిజమే. లిఫ్టు చెడిపోయిన చోట ఏ మాట రాసినా ఒకటే. సంస్థ తరఫున సంతకం పెట్టే కాగితం మీద అది కుదరదు. దేశాల బాధ్యత మీద ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘం 2001లో ఇచ్చిన నియమాల్లో 37వ అధికరణం ఉంది. జరిగిన ఉల్లంఘనకు సంతృప్తి కలిగించే మార్గాల్లో విచారం వ్యక్తం చేయడం, లాంఛనంగా క్షమాపణ చెప్పడం అని అందులో రెండూ విడివిడిగా రాసి ఉన్నాయి. మన పేపర్లు చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. మంత్రి 'విచారం వ్యక్తం చేశారు' అని రాస్తే ఒక వార్త, 'క్షమాపణ చెప్పారు' అని రాస్తే ఇంకో వార్త.

ఇదంతా రాసి పంపాను. మర్నాడు వాళ్ల సీనియర్ రివ్యూయర్ ఫోన్ చేశారు. ఒకావిడ, గొంతు నెమ్మదిగా ఉంది. నమస్కారం చెప్పగానే అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పెట్టెల విషయంలో మీరు ఒప్పుకుంటున్నారా, బాధపడుతున్నారా?" బాధపడుతున్నాం, ఒప్పుకోవాలో లేదో ఇంకా తెలియదు అన్నాను. "అయితే రేపు తప్పు మీదే అని తేలితే అప్పుడు చెప్పడానికి పెద్ద మాట మిగిలుండాలి, ఇవాళే ఖర్చు పెట్టకండి" అన్నారు. ఆ మాటతో నా టెన్షన్ సగం తగ్గింది.

ఆవిడ చెప్పిన ఉదాహరణలు నాకు ముందే తెలిసినవి, కానీ ఈ కోణంలో ఎప్పుడూ చూడలేదు. 2015 నవంబర్ 24న సిరియా సరిహద్దులో టర్కీ ఒక రష్యన్ సు-24 యుద్ధ విమానాన్ని కూల్చింది. ఏడు నెలల తర్వాత, 2016 జూన్‌లో టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్ రష్యా అధ్యక్షుడు పుతిన్‌కు రాసిన ఉత్తరం వల్ల రెండు దేశాల మధ్య మళ్లీ మాటలు కలిశాయి. క్రెమ్లిన్, అంటే రష్యా అధ్యక్ష కార్యాలయం, విడుదల చేసిన రష్యన్ పాఠంలో 'ఇజ్వినితే' అని ఉంది, అంటే క్షమించండి అని. టర్కీ వాళ్లు తమ భాషలో చెప్పిన మాటకు అక్షరార్థం 'లోపాన్ని చూడకండి' అని. మనం 'ఏమీ అనుకోకండి, తప్పు పట్టకండి' అంటామే, ఆ తరహా. టర్కీలో అది మర్యాద మాట, రష్యాలో ఇది క్షమాపణ, ఎవరికి కావలసింది వాళ్లకు వినపడింది.

రెండోది 2024 డిసెంబర్ 25న రష్యా గగనతలంలో దెబ్బతిని, కజక్‌స్తాన్‌లోని అక్తావ్ దగ్గర కూలిన అజర్‌బైజాన్ విమానం సంగతి. 38 మంది చనిపోయారు. మూడు రోజులకు పుతిన్ అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలియేవ్‌తో ఫోన్‌లో మాట్లాడినట్టు క్రెమ్లిన్ ప్రకటించింది. అందులో వాడింది పెద్ద మాటే, ఇజ్వినేనియే. కానీ ఆ క్షమాపణ దేనికి అన్నది చూడండి: దుర్ఘటన రష్యా గగనతలంలో జరిగినందుకు. విమానాన్ని ఎవరు కొట్టారన్నది ఆ ప్రకటనలో లేదు. అంటే మాట ఎంత బరువైనదో చూస్తే చాలదు, ఆ మాట వాక్యంలో దేన్ని పట్టుకుని ఉందో కూడా చూడాలి. నేను ఇంగ్లిష్ ఉత్తరంలో 'పెట్టెలు తడిసినందుకు' అని రాశాను. ఆవిడ దాన్ని 'పెట్టెలు తడవడానికి దారితీసిన పరిస్థితులపై' అని మార్చమన్నారు. మా లాయర్ కూడా సరే అన్నారు.

రెండో అనువాదంలో ఇంకా చిన్న చిన్న సంగతులు చాలా సరిచేశారు. ఒక వ్యక్తినే సంబోధిస్తూ రాసే ఉత్తరంలో రష్యన్‌లో 'మీరు' అన్న మాటను పెద్దక్షరంతో మొదలుపెడతారు, మొదటిదాంట్లో అది లేదు. సంబోధన తర్వాత కామా ఉండేది, లాంఛనం ప్రకారం ఆశ్చర్యార్థకం పెట్టారు. అన్నిటికంటే నాకు బాగా నచ్చింది, సంతాపాన్ని ఈ ఉత్తరంలోంచి పూర్తిగా తీసేసి వేరే కాగితం మీద రాయమనడం. "పోయినాయన పేరు తడిసిన పెట్టెల పక్కన ఉండకూడదు" అన్నారు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడే మాకు తట్టాల్సిన విషయం ఇది. ఆ నాలుగు వాక్యాల సంతాపాన్ని ఆవిడే స్వయంగా అనువదించి, విడిగా పంపారు. చదివితే నాకే కళ్లు చెమర్చాయి.

ఇక సర్వీసు సంగతి. ఇన్‌వాయిస్‌లు, బ్రోషర్లు, కార్యక్రమ వివరాలు లాంటివైతే కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు, వేగం ఉంది, భాష బాగుంది. విచారం, క్షమాపణ, సంతాపం ఉన్న ఉత్తరాలు మాత్రం మామూలు ఆర్డర్ కింద ఇవ్వకండి. ఆర్డర్ పేజీలో సీనియర్ రివ్యూ అనే ఆప్షన్ కిందెక్కడో ఉంది, దాన్ని వెతికి టిక్ పెట్టండి. ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న వాళ్ల ఫారంలోనే ఉండాల్సింది. ఆ సంగతి వాళ్లకు రాశాను, పరిశీలిస్తాం అన్నారు. సపోర్ట్ ఇచ్చిన ఆ మొదటి జవాబుకు ఒక స్టార్ తగ్గించాను, అది తగ్గించాల్సిందే. ఆవిడకైతే అయిదూ ఇస్తాను.

మ్యూజియం నుంచి జవాబు పోయిన వారం వచ్చింది. రెండు కవర్లు. సంతాపానికి కృతజ్ఞతలు చెబుతూ ఒకటి, పెట్టెల గురించి ఒకటి. రెండోదాంట్లో వాళ్లూ 'సజలేనియే' అనే రాశారు, ఇన్సూరెన్స్ నివేదిక వచ్చాక మాట్లాడుకుందాం అన్నారు.