కందికి, శనగకు ఏది మేలు: బీటీయా, మార్కరా?

"పత్తికి 2002లోనే బీటీ వచ్చె కదన్నా, మా కందికెప్పుడు?" అని అనంతపురం వైపు బంధువులు ఫోన్ చేసినప్పుడల్లా బెంగళూరులో ఉన్న నన్ను అడుగుతూనే ఉంటారు. బీటీ అంటే, ఒక మట్టి బ్యాక్టీరియా జన్యువును చేర్చి, కొన్ని పురుగులను చంపే ప్రోటీన్ మొక్కలోనే తయారయ్యేలా చేయడం. నా దృష్టిలో ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: మనకు కావలసిన గుణం ఆ పంట జాతిలోనే ఉందా, లేదా?

శనగ ఎండు తెగులును తట్టుకునే రకాలు మన దగ్గరే ఉన్నాయి. వాటితో సంకరం చేసినప్పుడు ఆ గుణం ఏ మొక్కకు వచ్చిందో లేత ఆకు ముక్కను పరీక్షించి, ఆ గుణానికి గుర్తుగా ఉండే డీఎన్‌ఏ మార్కర్‌తో తెలుసుకోవచ్చు. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ దగ్గరి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కలిసి పాత అన్నిగేరి శనగను ఇలాగే మెరుగుపరచగా, 2019లో సూపర్ అన్నిగేరి-1 విడుదలైంది. ఇటువంటి చోట బయటి జన్యువుతో పనే లేదు.

కాయతొలుచు పురుగు దగ్గర లెక్క మారుతుంది. మొన్న చలికాలం హెబ్బాళలో కొన్న అనపకాయలను పితికిపప్పు కోసం ఒలుస్తుంటే, కాయలోకి తల దూర్చి ఒళ్లు బయటే ఉంచుకుని గింజ తింటున్న పచ్చపురుగు ఒకటి కనిపించింది. కందినీ శనగనూ ఇలాగే తొలిచే శనగపచ్చ పురుగును గట్టిగా తట్టుకునే గుణం సాగులో ఉన్న రకాల్లో లేదు. లోపలి గింజను తింటున్న దాని నోటికి పైన చల్లిన మందు సరిగా అందదు. మొక్కలోనే తయారయ్యే బీటీ ప్రోటీన్ అందుతుంది. నైజీరియా మారుకా అనే మరో కాయతొలుచు పురుగును తట్టుకునే బీటీ అలసందకు 2019లో అనుమతి ఇచ్చింది. అది హైబ్రిడ్ కాదు గనుక రైతు విత్తనం దాచుకోవచ్చు. ప్రభుత్వ సంస్థల నుంచి ఆ తీరున వచ్చేదైతే, ఈ ఒక్క పురుగు విషయంలో నేను బీటీ వైపే మొగ్గుతాను.

బయటి జన్యువు చేర్చని జన్యు సవరణకు 2022లో మన దేశంలో నిబంధనలు సడలించారు గానీ, అది ఉన్న జన్యువును మార్చేదే తప్ప లేనిదాన్ని తెచ్చేది కాదు. పైగా మార్చిన కణాలను ప్రయోగశాలలో మొక్కగా పెంచాలి, పప్పు పంటలు ఆ టిష్యూ కల్చర్‌కు ఓ పట్టాన లొంగవు.

బీటీ కందికి ఒక చిక్కుంది. బీటీ లేని మొక్కల మీద కొన్ని మామూలు పురుగులు బతికి, బీటీని తట్టుకున్న వాటితో జతకడితే పురుగు బీటీకి త్వరగా అలవాటు పడదు. అందుకోసమని బీటీ పత్తి చుట్టూ ఆశ్రయ పంటగా వేయమన్న వాటిలో మామూలు కంది ఒకటి. ఆ కందే బీటీ అయితే పత్తి పండే ఊళ్లలో ఆ వరుసల్లో ఏం వేయాలన్నది విత్తనం విడుదలకు ముందే తేలాలి.