ఆదాయపు పన్నా, కస్టమ్స్-జీఎస్టీనా? రెవెన్యూ సర్వీసులో రెండు దారులు

సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారా భారత రెవెన్యూ సర్వీసుకు ఎంపికయ్యేవారి ముందు రెండు శాఖలుంటాయి: ప్రత్యక్ష పన్నుల బోర్డు కింద ఆదాయపు పన్ను, పరోక్ష పన్నుల బోర్డు కింద కస్టమ్స్, జీఎస్టీ.

ఆదాయపు పన్ను అధికారులకు శిక్షణ నాగపూర్‌లోని జాతీయ అకాడమీలో జరుగుతుంది. లెక్కల పుస్తకాలను ఓపికగా చదివి, లావాదేవీల వెనుక ఉన్న అసలు ఉద్దేశాన్ని పట్టుకోగలిగినవారికి దర్యాప్తు, అంతర్జాతీయ పన్నుల విభాగాలు ఎంతో తృప్తినిస్తాయి. అయితే 2020లో ముఖరహిత మదింపు (రిటర్నులను ఆన్‌లైన్‌లోనే పరిశీలించి పన్ను తేల్చే పద్ధతి) మొదలయ్యాక చాలా కేసుల్లో అధికారి, పన్ను చెల్లింపుదారు ఎదురుపడరు. పారదర్శకతకు ఇది మేలే అయినా, మనుషులతో నేరుగా పనిచేయాలనుకునేవారికి వెలితిగానే ఉంటుంది.

రెండో దారి ఓడరేవులు, విమానాశ్రయాలు, గోదాములు, కర్మాగారాల మీదుగా సాగుతుంది. ఈ శాఖ అకాడమీ కొత్త ప్రాంగణం 2024 జనవరిలో మన శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలోనే ప్రారంభమైంది. ఇక్కడ అక్రమ రవాణాను అడ్డుకోవడం అందరి దృష్టిలో పడుతుంది గానీ, నా దృష్టిలో జీఎస్టీ వాపసుల పని, అంటే ఎగుమతిదారుల వంటివారు ముందే కట్టిన పన్నును తిరిగి ఇవ్వడం, అంతకన్నా విలువైనది. సక్రమమైన దరఖాస్తుపై చట్టం చెప్పిన 60 రోజుల్లో ఉత్తర్వు ఇస్తే, గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే చిన్న వ్యాపారికి తదుపరి సరుకు కొనడానికి పెట్టుబడి చేతికి వస్తుంది.

హోదా, జీతం రెండింటిలోనూ దాదాపు సమానమే కనుక, వాటిని బట్టి ఎంచుకోవడంలో అర్థం లేదు. పత్రాల లోతుల్లో ఆనందం పొందేవారు మొదటిదాన్ని, సరుకుల కదలికపై ఆసక్తి ఉన్నవారు రెండోదాన్ని ప్రాధాన్యక్రమంలో ముందు రాసుకోవాలి.