తుమ్మి మొక్క: మా గుంటూరు పెరట్లో కొన్నేళ్లుగా

తేనెటీగల కోసం ఏం వెయ్యాలని ఎవరడిగినా నేను ముందు చెప్పేది తుమ్మి పేరే. పొలం గట్ల మీదా ఖాళీ స్థలాల్లోనూ దానంతటదే మొలిచే తుమ్మి. విద్యానగర్‌లో మా పెరట్లో బంతి, జీనియా కూడా ఉన్నాయి. తేనెటీగలు వాలే విషయంలో మాత్రం ఏదీ దీనికి సాటి రాలేదు.

పువ్వు చిన్నది, తెల్లనిది, కణుపు చుట్టూ గుత్తిగా పూస్తుంది. పై రేకు నూగుతో టోపీలా వంగి ఉంటుంది, పుప్పొడి దాని కిందే. ఈగ కింది రేకు మీద వాలి తల దూర్చగానే అది నెత్తికీ వీపుకీ అంటుకుంటుంది. ఎండ ముదరకముందు పొట్ట మీద నీలి చారలున్న ఒక రకం తేనెటీగలొస్తాయి. ఎంత చురుకో! ఒక పువ్వు మీద క్షణం నిలవవు. ఇవి తుట్టె పెట్టవు, మట్టిలో ఒంటరిగా గూడు చేసుకుంటాయి. అందుకే గోడ వార సిమెంటు చేయించకుండా నేల వదిలేశాను. వంగ, టమాటా పూలని పట్టుకుని ఝుమ్మని ఊపి పుప్పొడి రాల్చేదీ ఇవే. మామూలు తేనెటీగకి ఆ పని రాదు.

నేను తిరిగిన నర్సరీల్లో తుమ్మి దొరకలేదు. ఊరి బయట ఎండిన గుత్తులు కోసుకొచ్చి నలిపితే గింజలు రాలాయి. తొలకరి పడ్డాక మట్టి మీద పైపైన చల్లితే చాలు. మన నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది కాబట్టి కాస్త ఇసుక కలపాలి, మడి ఎత్తుగా ఉండాలి. ఎరువు ఎక్కువైతే ఆకే గుబురుగా వస్తుంది, పువ్వు తగ్గుతుంది. పురుగుమందు మాత్రం వద్దే వద్దు, ఈగలు పోతాయి.

కార్తీకమాసంలో పక్కింటి పిన్నిగారు "అమ్మాయ్, శివుడికి నాలుగు తుమ్మిపూలు కోసుకోనా?" అంటూ వస్తారు. గేటు పక్క మొక్కలు ఆవిడవి, వెనక మడి ఈగలది అని మా ఇద్దరికీ ఒప్పందం.

లోపం ఒకటుంది. ఇది ఒక్క సీజన్ మొక్క. ఎండలు ముదిరేసరికి మడంతా ఎండి చూడ్డానికి బాగోదు. అయినా వెంటనే పీకెయ్యకండి, గింజ రాలితేనే వానలకి మళ్లీ మొలుస్తుంది. ఆ నెలల్లో ఈగలకి మేత కరువవకుండా నేను తులసి వెన్నులు తుంచకుండా వదిలేస్తాను.