మీటర్లా, అడుగులా: రోజువారీ పనికి ఏది మేలు?

చెక్క కొయ్యాలన్నా, తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో చూడాలన్నా, పిల్లలకు మందు పొయ్యాలన్నా మెట్రిక్ కొలతలే మేలని నా గట్టి అభిప్రాయం. అలాగని అడుగులు, అంగుళాలు, పౌండ్లను కొట్టిపారెయ్యను. ఐదడుగుల ఎనిమిది అంగుళాలు అనగానే చాలామందికి మనిషి కళ్ల ముందుకొస్తాడు. అదే 173 సెంటీమీటర్లంటే ఒక్క క్షణం ఆలోచిస్తారు. సెంటీమీటర్లతో పెరిగినవాళ్లకు ఇది సరిగ్గా తిరగబడుతుంది. కంటి అంచనా అంతా అలవాటును బట్టే. అసలు తేడా లెక్క మొదలుపెట్టాక తెలుస్తుంది.

ఐదడుగుల ఏడుంబావు అంగుళాల చెక్కను మూడు సమాన ముక్కలు చెయ్యాలనుకోండి. ముందు అడుగుల్ని అంగుళాలు చెయ్యాలి, మొత్తం 67.25. మూడుతో భాగిస్తే 22 అంగుళాలు, ఆపైన పన్నెండింట ఐదు వంతులు. టేపు మీద అంగుళాన్ని సాధారణంగా ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు భాగాలుగా గీస్తారు గానీ పన్నెండుగా గియ్యరు. దగ్గర్లో ఉన్న గీతతో సరిపెట్టుకోవాలి. అదే చెక్క మిల్లీమీటర్లలో 1708. మూడో వంతు 569, కాస్త పైన. చూసి గీత పెట్టెయ్యడమే. రంపం మందానికి పోయేది మాత్రం ఏ కొలతలోనైనా తీసెయ్యాల్సిందే, చాలామంది అక్కడే మర్చిపోతారు.

అడుగుకూ ఒక మంచి గుణముంది. పన్నెండు అంగుళాలు కాబట్టి రెండు, మూడు, నాలుగు, ఆరు భాగాలుగా చక్కగా తెగుతుంది. మీటరును మూడు చేస్తే 333.3 మిల్లీమీటర్లని సాగుతూనే ఉంటుంది. కానీ ఆ సుఖం నిండు అడుగులు ఉన్నంతసేపే. గజానికి 3 అడుగులు, మైలుకు 1,760 గజాలు, పౌండుకు 16 ఔన్సులు, ఇలా దేని లెక్క దానిదే. మెట్రిక్‌లో దశాంశ బిందువు జరిపితే పనైపోతుంది. పొడవుకు, బరువుకు చుట్టరికం కూడా ఉంది: పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లున్న డబ్బాలో లీటరు నీళ్లు పడతాయి, ఆ నీళ్లు దాదాపు కిలో తూగుతాయి. తొట్టి కొలతలు తెలిస్తే నీళ్ల బరువు నోటిలెక్కే.

గ్యాలన్‌తో ఇంకో చిక్కు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటన్ గ్యాలన్ 4.546 లీటర్లు, పేరు మాత్రం ఒక్కటే. గ్యాలన్‌కు ఇన్ని మైళ్లు అని చెప్పినప్పుడు ఏ గ్యాలనో అడక్కపోతే ఒకే బండి ఒక దేశంలో ఎక్కువ, ఇంకో దేశంలో తక్కువ మైలేజీ ఇస్తున్నట్టు కనిపిస్తుంది.

ఉష్ణోగ్రత దగ్గర నాకు పెద్ద పట్టింపు లేదు. సెల్సియస్‌లో ఒక డిగ్రీ ఫారెన్‌హీట్‌లో 1.8 డిగ్రీలు కాబట్టి జ్వరంలో చిన్న మార్పు ఫారెన్‌హీట్ అంకెలో బాగా తెలుస్తుంది. 37 అన్నా 98.6 అన్నా ఒంటి వేడి అదే.

మందు దగ్గర మాత్రం రెండో మాటే లేదు. పిల్లలకు చాలా మందుల డోసు కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగడతారు. 15 కిలోల బిడ్డ పౌండ్లలో 33 తూగుతుంది. ఆ 33ను ఎవరైనా కిలోలనుకుంటే డోసు రెట్టింపు దాటిపోతుంది. అందుకే పిల్లల బరువు కిలోల్లోనే రాయాలి, అంకె పక్కన కిలోలని తప్పకుండా ఉండాలి. సిరప్‌ను కూడా చెంచాతో కాకుండా మిల్లీలీటర్ల గీతలున్న సిరంజితో పొయ్యండి.

కొలతలు కలగలిస్తే ఏమవుతుందో 1983లో కెనడాలో చూశారు. ఎయిర్ కెనడా విమానానికి ఇంధనం లెక్కగట్టేటప్పుడు లీటరు బరువును కిలోల్లో కాకుండా పౌండ్లలో తీసుకున్నారు. కావాల్సినదాంట్లో దాదాపు సగమే ఉండటంతో గాల్లోనే రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గిమ్లీ అనే ఊళ్లో ఇంజన్లు లేకుండానే దించారు, ప్రాణాలన్నీ దక్కాయి.

ఇంట్లో ఇదే తప్పు పానాలతో జరుగుతుంది. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. అరంగుళం పానా పట్టే నట్టుకు 13 మిల్లీమీటర్ల పానా కూడా పడుతుంది కానీ వదులుగా ఉంటుంది, బలంగా తిప్పితే నట్టు మూలలు అరిగిపోతాయి. రెండు సెట్లుంటే వేరువేరు పెట్టెల్లో పెట్టుకోండి. 1959లో అమెరికా, బ్రిటన్ సహా ఆరు దేశాలు గజాన్ని 0.9144 మీటరుగా ఖాయం చేశాయి కాబట్టి అంగుళమంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. మార్చుకోవడానికి ఈ ఒక్క అంకె చాలు.

కారు టైరుకు మాత్రం ఆ మార్పిడి వద్దు. 205/55 ఆర్16 అని ఉంటే 205 అన్న వెడల్పు మిల్లీమీటర్లలో, 16 అన్న రిమ్ము అంగుళాల్లో ఉన్నట్టు. టైరు మీదున్నది ఉన్నట్టే రాసుకెళ్లి అడగండి.