ఖాన్ అకాడమీ కిడ్స్: పిల్లలకు ఏమీ అమ్మని చదువుల యాప్

మా పాప ఒకటో తరగతి. ఇంట్లో ఇంగ్లిష్ అక్షరాలకీ కూడికలకీ ఖాన్ అకాడమీ కిడ్స్ యాప్ వాడుతున్నాం. 2 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం చేశారు. పూర్తిగా ఉచితం. ప్రకటనలు లేవు, సబ్‌స్క్రిప్షన్ లేదు, డబ్బు పెట్టి కొనాల్సిన వస్తువు ఒక్కటీ లేదు. అందులో ఎలుగుబంటి పేరు ‘కోడి’ అని వినగానే మా పాప పగలబడి నవ్వింది. పాఠం పూర్తయితే ఆ ఎలుగుకీ దాని స్నేహితులకీ టోపీలు, ఆటబొమ్మలు బహుమతిగా వస్తాయి. పిల్ల సంబరపడిపోతుంది. అక్కడితో అయిపోతుంది, మా పర్సు దాకా రాదు.

దీని విలువ నాకు బాగా తెలిసింది ఇంతకుముందు వాడిన ఇంకో లెక్కల గేమ్ వల్ల. అందులో కూడిక సరిగ్గా చేస్తే ఒక పెట్టె వస్తుంది. మూత కొద్దిగా లేచి లోపల రెక్కల గుర్రం కనిపిస్తుంది. వెంటనే తాళం పడుతుంది, కింద ‘అమ్మని అడుగు’ అని బటన్. వద్దని నొక్కితే గుర్రం తల దించుకుని కన్నీళ్లు పెట్టుకుంటుంది. మా పాప కూడా దానితో పాటు ఏడ్చింది. లెక్క కరెక్టుగా చేసిన పిల్ల ఏడవడం ఏమిటి? నాకు కోపం ఆగలేదు, ఆ రోజే తీసేశాను.

ఇలా ‘వద్దు’ అన్నవాళ్లని నొప్పించి కొనిపించడాన్ని కన్ఫర్మ్ షేమింగ్ అంటారు. 2023 నవంబర్ 30న మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్స్‌లో, అంటే యాప్‌లూ వెబ్‌సైట్లూ కొనేవాళ్లని మాయచేసే ఎత్తుల్లో, ఇదీ ఉంది. పెద్దవాళ్ల మీదే కూడదన్నది ఆరేళ్ల పిల్ల మీద ఎలా చెల్లుతుంది?

అమెరికాలో ఈ గొడవ ముందే మొదలైంది. పిల్లలు ఆటల్లో నొక్కేస్తే పెద్దల అనుమతి లేకుండా డబ్బు కట్ అయిందన్న కేసులో 2014లో యాపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2021లో అక్కడి బాలల హక్కుల సంఘాలు ప్రాడిజీ అనే లెక్కల గేమ్ మీద అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. 19 నిమిషాల ఆటలో మెంబర్‌షిప్ ప్రకటనలు 16 వచ్చాయని, లెక్కలు మాత్రం నాలుగేనని వాళ్ల ఆరోపణ. బడిలో టీచర్ ఇచ్చే గేమ్ అది. డబ్బు కట్టిన పిల్లలకు ఒక రకం హంగు, కట్టని పిల్లలకు ఇంకో రకం అయితే, ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి మధ్యా ఆ తేడా రాకుండా ఉంటుందా?

మన దగ్గర యూపీఐతో కడితే సాధారణంగా పిన్ అడుగుతుంది కాబట్టి పిల్లలు నొక్కినంత మాత్రాన డబ్బు పోవడం తక్కువ. అందుకే ఒత్తిడి అంతా పిల్లల ఏడుపు రూపంలో మన మీదికి వస్తుంది. ‘మా ఫ్రెండ్‌కి ఉంది, నాకు లేదు’ అని అన్నం దగ్గర కూడా అదే గోల.

గేమ్ తయారు చేయడానికి ఖర్చవుతుంది, నిజమే. ఖాన్ అకాడమీ విరాళాలతో నడిచే లాభాపేక్ష లేని సంస్థ, అందరూ అలా నడపలేరు. కానీ ధర ఎంతో ముందే పెద్దవాళ్లకు చెప్పి అమ్మొచ్చు కదా. నచ్చితే నేనే కొంటాను. పాఠం మధ్యలో పిల్లని అడగొద్దు, అంతే.

లోపాలూ ఉన్నాయి. మాటలు అమెరికన్ యాసలో ఉంటాయి, మొదట్లో పక్కన కూర్చుని చెప్పాల్సి వచ్చింది. తెలుగు పాఠాలు నాకు కనబడలేదు. రెండో తరగతి దాటాక వేరేది వెతుక్కోవాలి. మొదలుపెట్టడానికి పెద్దవాళ్ల ఈమెయిల్ కావాలి.

వేరే ఏ గేమ్ వేసినా ముందు ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేరు కింద ‘ఇన్-యాప్ పర్చేజెస్’ అని ఉందేమో చూడండి. ఉంటే పిల్లల చేతికి ఇచ్చే ముందు మీరొకసారి ఆడండి, ‘వద్దు’ నొక్కితే ఏమవుతుందో చూడండి.